ఎడమ చెవికి అందని పాట

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు బెంగుళూరునుండి కొండాపురం వచ్చాడు. కనుమనాటి సాయంత్రం నన్ను అరుగుమీద కూర్చోబెట్టి, ఒళ్లో ల్యాప్‌టాప్ తెరచి, నా తలకు హెడ్‌ఫోన్ తగిలించి, "మామా, ఆరు నిమిషాలు. మధ్యలో ఏమీ అనొద్దు. అయిపోయినాక చెప్పు" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలచేత పద్యాలు అప్పజెప్పించుకున్నవాణ్ణి. మధ్యలో అందుకోకుండా వినడం నాకు అలవాటు లేని పని. అయినా విన్నాను.

వాడు వినిపించినది ఒక వాద్యబృంద రచన. ఇరవైమంది వయొలిన్లు, చెల్లోలు, కొమ్ములు, పిల్లనగ్రోవులు, భేరీలు, వెనుక ఒక బృందగానం. ఇంతమందిని వీడెక్కడ సమకూర్చాడని మీకు సందేహం కలుగవచ్చు. ఎవరూ లేరు. అంతా ఆ పెట్టెలోనే ఉన్నది. నిజమైన వాద్యకారులచేత ఒక్కొక్క స్వరాన్ని మెల్లగా, మధ్యమంగా, గట్టిగా వాయింపించి, విడివిడిగా రికార్డు చేసి భద్రపరుస్తారు. వీటిని శాంపిళ్లంటారు. మనం మీట నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా అన్న ఆజ్ఞలు మిడి అనే సంకేతభాషలో నడుస్తాయి. 1983లో ఏర్పడిన ఆ భాషే నేటికీ వాడుకలో ఉన్నది. లక్షల రూపాయల ఖరీదు చేసే శాంపిళ్లూ ఉన్నాయి, ఉచితంగా లభించేవీ ఉన్నాయి. మావాడు రెండు రకాలూ కలిపి వాడాడు.

రచనకు ఆధారం వాడి తల్లి, అనగా మా అక్కయ్య, విసురురాయి దగ్గర పాడుకునే పాట. అక్కయ్య మెట్టినిల్లు ఈ మండలంలోనే, పెన్నేటి పక్కన ఒక పల్లె. ఇప్పుడా పల్లె లేదు. పెన్నపై గండికోట వద్ద కట్టిన జలాశయంలోకి శ్రీశైలం నీళ్లు అవుకు సొరంగం మీదుగా వచ్చి చేరుతాయి. నిండితే దాదాపు 27 టీఎంసీలు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మొదలైన ఊళ్లవారు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. మా అక్కయ్య ఊరూ అదే త్రోవ పట్టింది. నష్టపరిహారాల గూర్చి ఇక్కడ వ్రాయను, అది వేరే పురాణం. ఆ ఊరివారంతా ఏటా ఉగాదికి కొత్త కాలనీలోని రామాలయం దగ్గర కలుస్తారు. ఈసారి అక్కడ ఈ రచన వినిపించాలని మావాడి కోరిక.

ఆరు నిమిషాలూ అయిన తరువాత, "బాగుందిరా" అన్నాను. అది పూర్తి నిజం కాదు. శబ్దం గంభీరంగా ఉంది, ఖర్చు కనబడుతోంది, కాని నా మనస్సుకు ఏదీ అంటలేదు. ఎందుకో చెప్పగల సామగ్రి నా దగ్గర లేదు. పాశ్చాత్య సంగీతలిపి నాకు రాదు. అంతలో అక్కయ్య వంటింట్లోనుండి వచ్చి, చేయి కొంగుకు తుడుచుకుని, హెడ్‌ఫోన్ తీసుకుని ఒక దిమ్మెను ఎడమ చెవికి ఆనించుకుంది. ఆమెకు కుడి చెవి వినబడక పదేళ్లు దాటింది. ఆరు నిమిషాలూ కదలకుండా విన్నది. విని, "పెద్ద సినిమా మాదిరి ఉండాదబ్బీ. అయితే నా పాట యాడుందిరా ఇందులో?" అన్నది.

"రెండో నిమిషంలో వస్తాదిగదమ్మా, చెల్లోలు వాయిస్తాయి" అన్నాడు.

"నాకేం ఇనపడల్యా."

వాడి ముఖం చిన్నబోయింది. మళ్లీ వినిపించాడు. మళ్లీ అదే మాట. నేను హెడ్‌ఫోన్ తీసుకుని కుడి చెవి దిమ్మెను ప్రక్కకు తొలగించి, ఎడమ దానితోనే విన్నాను. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. పాట లేదు. దాని చుట్టూ ఉన్న హంగంతా ఉన్నది, నడిమిది మాత్రం మాయమైంది.

కారణం కనుక్కోవడానికి ఆ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. వాద్యబృందంలో ఎవరి చోటు వారికుంటుంది. సాధారణంగా శ్రోతకు ఎడమవైపు మొదటి వయొలిన్లు, కుడివైపు చెల్లోలు, వాటి వెనుక డబుల్‌బేసులు. మావాడు ఆ శాస్త్రం చదివి, చెల్లోలను కుడివైపు అంచుకు జరిపాడు. చిక్కేమిటంటే వాడు కొన్న శాంపిళ్లను రికార్డు చేసినప్పుడే వాద్యకారులు వారి వారి చోట్లలో కూర్చుని వాయించారు. అనగా అవి పుట్టుకతోనే కుడివైపున ఉన్నాయి. కూర్చున్నవారిని లేపి మళ్లీ అదే దిక్కుకు నెట్టినట్లయింది. వ్యాకరణంలో ద్విరుక్తి అనుకోండి. ఫలితంగా పాట సాంతం కుడి చెవికే పోయింది. ఆ చెవి అక్కయ్యకు లేదు.

"అమ్మ ఒక్కదానికోసం మార్చాలంటావా మామా?" అన్నాడు. తప్పుగా అనలేదు, నిజంగానే అడిగాడు. అప్పుడు నాకు రామాలయం గుర్తుకొచ్చింది. అక్కడ ఉన్నది మైకుసెట్టు, రెండు గొట్టం స్పీకర్లు. రెంటిలోనూ ఒకే శబ్దం. కుడిలేదు, ఎడమలేదు. సెల్‌ఫోను బల్లమీద పెట్టి వినేవాళ్లకూ అంతే. "నీ శ్రోతలలో అధికసంఖ్యాకులు మీ అమ్మవంటివాళ్లేరా" అన్నాను.

మల్లీశ్వరి చిత్రం తీసిన బి.ఎన్.రెడ్డి గారు మన కడప జిల్లావారే. 1951లో విడుదలైన ఆ చిత్రం సంగీతానికి సాలూరి రాజేశ్వరరావు గారి పేరుతో పాటు అద్దేపల్లి రామారావు గారి పేరు కూడా కనబడుతుంది. బాణీ కట్టడం ఒక విద్య, దానిని వాద్యాలకు పంచిపెట్టడం మరొక విద్య. ఆ కాలపు ముద్రణంతా ఏకమార్గం, నేటి పరిభాషలో మోనో. గాయకుని వెనుక ఏ వాద్యం ఎంత వినబడాలో మైకుకు ఎవరు ఎంత దూరాన కూర్చోవాలన్న దానితోనే చాలావరకు తేలిపోయేది. అందుచేత ఆ పాటలను మా అక్కయ్య ఒక్క చెవితో విన్నా ఆమెకు తక్కువయ్యేదేమీ లేదు. మావాడితో ఈ మాటంటే, "అందుకే మిక్సింగు నేర్పే పుస్తకాల్లో ఒకసారి మోనోలో విని సరిచూసుకోమంటారు మామా. చదివినా, చేయలేదు" అని నవ్వాడు. చదివి చేయకపోవడం మన విద్యార్థులందరి సామాన్య లక్షణమే గదా!

మరునాడు మోనోలో పెట్టి విన్నాం. ఇప్పుడు చెల్లోలు వచ్చాయి, కాని పాట ఇంకా స్పష్టంగా లేదు. మసకగా, బురదనీటిలో కాసు చూసినట్లు. మావాడు ఈక్వలైజరు అనే సాధనం తెరచి, చెల్లోల ధ్వనిలో కొన్ని పౌనఃపున్యాలను పెంచడం మొదలుపెట్టాడు. పెంచినకొద్దీ కీచుమన్నదే తప్ప తేటపడలేదు. నేను అడిగాను: "ఆ క్షణంలో ఇంకెవరెవరు మాట్లాడుతున్నారు?" లెక్కపెట్టాడు. చెల్లోల పాట ఉన్న స్థాయిలోనే నాలుగు కొమ్ములు దీర్ఘస్వరాలు పట్టుకున్నాయి. వయోలాలు అక్కడే గబగబా వాయిస్తున్నాయి. మగ గొంతుల బృందగానమూ అక్కడే. నలుగురు ఒకే శ్రుతిస్థాయిలో ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా తెలియదు. ఒక శబ్దం దగ్గరి స్థాయిలోని మరొక శబ్దాన్ని కప్పివేయడం చెవి స్వభావం.

మా చదువులో అంగిరసం, అంగరసం అని ఒక విభాగముంది. కావ్యంలో ఒక రసం ప్రధానంగా ఉండాలి, తక్కినవి దానికి పరిచర్య చేయాలి. పరిచారకులు రాజు సింహాసనం మీదనే కూర్చుంటే రాజెవరో సభకు తెలియదు. ఈ మాట చెప్పాను. మావాడు కొమ్ములను ఆ ఎనిమిది బారులూ నిశ్శబ్దంగా ఉంచాడు. వయోలాల పరుగును తీసివేసి, ఒక స్థాయి పైన నెమ్మదైన రెండు స్వరాలు ఇచ్చాడు. బృందగానాన్ని చివరి నిమిషానికి పంపాడు. ఈక్వలైజరులో చేసిన మార్పులన్నీ రద్దుచేసి విన్నాం. పాట వచ్చింది. ఒక్క మీటా తిప్పకుండానే వచ్చింది. మిక్సు తప్పు అనుకున్నది నిజానికి రచనలోని తప్పు. వాక్యంలో అన్వయం కుదరనప్పుడు దస్తూరీ దిద్ది లాభమేమి?

క్రింది స్వరాల సంగతి మరొకటి. మంద్రస్థాయిలో స్వరాలను దగ్గర దగ్గరగా పేర్చాడు. ప్రకృతిలో ఒక తీగ మ్రోగితే దానినుండి పుట్టే అనుస్వరాలు క్రింద ఎడంగా, పైకి పోయేకొద్దీ దగ్గరగా ఉంటాయి. వాద్యాలకు స్వరాలు పంచేటప్పుడు కూడా ఆ క్రమం పాటిస్తే ధ్వని తేటగా ఉంటుంది. క్రిందనే ఇరికిస్తే గుబగుబమని మబ్బు కమ్ముతుంది. పునాదిలో డబుల్‌బేసును ఒంటరిగా వదలి, మధ్యస్వరాలను పైకి జరిపితే ఆ మబ్బు సగం విడిపోయింది.

తరువాతది మార్కుల సమస్య. మిడిలో ప్రతి స్వరానికీ బలం 0 నుండి 127 వరకు అంకెలలో ఇస్తారు. మావాడు తెర చూపించాడు. దాదాపు అన్నీ నూరు. "అందరికీ నూటికి నూరు వేసిన పంతులు మంచి పంతులనిపించుకుంటాడు గాని, ఎవరికి ఏమి వచ్చో ఎన్నటికీ తెలియదు" అన్నాను. మెల్లగా వినబడవలసిన చోట బలం తగ్గించక, శబ్దం మీట తగ్గించాడు. రెండూ ఒకటి కావు. గట్టిగా ఊదిన కొమ్ము స్వరం ఒక రకం రంగు, మెల్లగా ఊదినది మరొక రకం. మొదటిదాని శబ్దం తగ్గిస్తే దూరాన అరుస్తున్నట్లుంటుందే గాని, దగ్గర గుసగుసలాడినట్లుండదు. మంచి శాంపిళ్లలో ఈ రంగులన్నీ వేర్వేరు పొరలుగా ఉంటాయి. ఒక చక్రాన్ని వ్రేలితో మెల్లగా త్రిప్పుతూ, స్వరం పొడుగునా వాటిని నడిపించవచ్చు. మావాడు ఆ చక్రం ముట్టనే లేదు. రెండు రోజులు కూర్చుని ప్రతి వాద్యానికీ చేత్తో త్రిప్పి మళ్లీ వ్రాశాడు.

బలాబలాల విషయంలో పెట్టెకు లోకజ్ఞానం లేదు. రష్యా దేశపు రిమ్‌స్కీ కోర్సకోవ్ అనే ఆయన వాద్యరచన గూర్చి వ్రాసిన గ్రంథం, ఆయన 1908లో మరణించిన తరువాత, 1913లో వెలువడింది. గట్టిగా వాయించినప్పుడు ఒక ట్రంపెట్టుకు రెండు కొమ్ములు సమానమని, ఒక కొమ్ముకు రెండు పిల్లనగ్రోవులవంటివి సమానమని ఆయన లెక్క. పెట్టెలో అన్నీ సమాన శబ్దంతో భద్రపరచి ఉండడంవల్ల మావాడి రచనలో ఒకే ఒక పిల్లనగ్రోవి, అందులోనూ సహజంగా బలహీనమైన క్రింది స్వరాలలో, నాలుగు కొమ్ములను ఓడించింది. వినడానికి బాగానే ఉంటుంది కాని నమ్మబుద్ధి కాదు. లోపమెక్కడో చెవికి తెలుస్తుంది, నోటికి తెలియదు. నాకు మొదటిసారి "మనస్సుకు అంటలేదు" అనిపించడానికి ఇదొక కారణం కావచ్చు. క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలోనే ఔచిత్యాన్ని గూర్చి గ్రంథం వ్రాశాడు. మొలనూలు మెడలో వేసుకుంటే నగ తప్పు కాదు, చోటు తప్పు.

ఇక సంధి. పాటను పట్టుకున్న వాద్యంలో స్వరానికీ స్వరానికీ మధ్య ఒక అతుకు వినబడుతోంది. విడివిడిగా రికార్డు చేసిన స్వరాలు ప్రక్కప్రక్కన పేరిస్తే అది సహజమే. మంచి శాంపిళ్లవారు ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారే క్షణాన్ని కూడా విడిగా రికార్డు చేసి ఇస్తారు. దానిని లెగాటో అంటారు. కాని అది పనిచేయాలంటే మొదటి స్వరం ముగియకముందే రెండవది మొదలుకావాలి. ఒకదాని తోక మరొకదాని తలపై కొంచెం పడాలి. మావాడు అన్నిటినీ గీత గీసినట్లు కత్తిరించాడు. "పూర్వపర స్వరాలకు పరస్వరం ఏకాదేశం కావాలంటే ముందు అవి కలవాలి గదరా" అన్నాను. వాడికి సూత్రం అర్థం కాలేదు గాని విషయం అర్థమైంది. స్వరాలను కొద్దికొద్దిగా పొడిగించాడు. అతుకు పోయింది.

వేర్వేరు శాంపిళ్లు వేర్వేరు గదులలో రికార్డు చేసినవి. ఒకటి పొడిగది, ఒకటి గుడివంటి పెద్ద హాలు. కొమ్ములు గండికోట లోయలో, వయొలిన్లు బట్టల బీరువాలో ఉన్నట్లుండేది. పొడిగా ఉన్నవాటికి ఎక్కువగా, అప్పటికే తడిసినవాటికి తక్కువగా ఒకే ప్రతిధ్వనిని పూసి అందరినీ ఒక చావడిలో కూర్చోబెట్టాడు. ప్రతిధ్వనిలోని మంద్రాన్ని కోసివేయడంతో మిగిలిన మబ్బు కూడా తేలిపోయింది. ప్రతి మార్పు తరువాతా పాతదీ కొత్తదీ సమాన శబ్దంతో పెట్టి పోల్చాలని వాడే చెప్పాడు. లేకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగున్నట్లు చెవి మోసపోతుందట. గట్టిగా వాదించినవాడు గెలిచినట్లనిపించడం సంగీతంలోనూ ఉందన్నమాట.

వాడు బెంగుళూరు వెళ్లిపోయాడు. మాఘం, ఫాల్గుణం ఫోనులోనే గడిచాయి. పంపడం, నేను ఒక చెవితో వినడం, చెప్పడం. చివరికి ఒక్కటి మిగిలింది. క్రింద డబుల్‌బేసులు విసురురాయి తిరుగుడును అనుకరిస్తాయి. ఫోనులో విన్నప్పుడు అవి బొత్తిగా లేవు. చిన్న స్పీకరు అంత మంద్రాన్ని పలకలేదు, రామాలయం గొట్టాలూ పలకలేవు. ఒక స్థాయి పైన బసూన్ అనే వాద్యాన్ని తోడిచ్చాడు. కొంత మేలు. ఇంతలో నేనే అడిగాను: "అనుకరణ దేనికిరా? అసలుది ఉందిగదా." మునకలో ఊరు విడిచినప్పుడు అక్కయ్య బీరువా వదిలింది గాని విసురురాయి వదలలేదు. కొత్త ఇంటి వాకిట్లో మూలన ఉంది. ఫోనుతో రికార్డు చేసి పంపాం. రాయికి గరగరమనే పైశబ్దం ఉన్నందువల్ల చిన్న స్పీకరులో కూడా స్పష్టంగా వినబడింది. బేసులక్రింద దాన్ని సన్నగా కలిపాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు వాడు వచ్చి అక్కయ్యకు వినిపించాడు. ఎడమ చెవి. ఈసారి రెండో నిమిషంలో ఆమె పెదవులు కదిలాయి. అంతా అయిన తరువాత, "నా పాటే" అన్నది. మావాడి ముఖం వెలిగింది. మరుక్షణమే, "అయితే గింజ ఎప్పుడు పోస్తార్రా?" అన్నది.

మాకు అర్థం కాలేదు. ఆమె చేయి త్రిప్పి చూపించింది. ఒక చేయి రాయి త్రిప్పుతుంది, రెండవ చేయి పిడికెడు గింజలు కంటిలో పోస్తుంది. పోసేటప్పుడు రాయి వేగం తగ్గుతుంది, మనిషి ఊపిరి పీలుస్తుంది, పాట అక్కడ ఒక్క క్షణం నిలుస్తుంది. "ఇది ఊపిరి తీసుకోకుండా పాడతాండాది. ఇట్లా విసిరితే ఉత్త రాయి తిరుగుతాది, పిండి రాదు" అన్నది.

నాకు సిగ్గు వేసింది. ఇన్ని రోజులు అలంకారశాస్త్రమంతా ఏకరువు పెట్టిన నేను ఈ ఒక్కటి పట్టుకోలేకపోయాను. భ-ర-న-భ-భ-ర-వ అని గణం గణానికీ కొట్టుకుంటూ ఉత్పలమాల చదివే పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించినవాణ్ణి నేను. సంస్కృతంలో యతి అంటే విరామమని, తెలుగులో అది అక్షరమైత్రి అయినదని ఏటేటా చెప్పినవాణ్ణి. మావాడి స్వరాలన్నీ కంప్యూటరు గళ్లలో గీత మీద గీతగా, కాలం ఎక్కడా వంగకుండా, శ్వాస లేకుండా నడుస్తున్నాయని నా చెవికి తెలియలేదు. పెట్టెకు ఊపిరితిత్తులు లేవు. దాని తరఫున మనమే ఊపిరి పీల్చాలి.

ఆ రాత్రంతా వాడు కాలాన్ని వంచాడు. అక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, నిజంగానే రెండు సేర్ల జొన్నలు విసిరించి, ఆమె ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ నెమ్మదింపజేశాడు. గింజ పోసే ప్రతిచోటా చెల్లోలు నిలిచి, రాయి మాత్రం గరగరమంటుంది. ఆ నిలుపులు ఒక్కటీ మరొకదానితో సమానంగా లేవు. జొన్నపిండి మిగిలింది గనుక మరునాడు రొట్టెలు చేసుకున్నాం.

2025 మార్చి 8న లండనులో ఇళయరాజా గారి సింఫనీని ఒక పూర్తి వాద్యబృందం వాయించింది. ఎనభైకి పైబడిన ఆ చేతితో వ్రాసిన స్వరాలను నిజమైన మనుషులు నిజమైన ఊపిరితో పలికించారు. ఆ భాగ్యం అందరికీ కలుగదు. పెట్టెతో పని చేసుకునే మావాడివంటివాళ్లు ఊరూరా ఉంటారు. ఇంట్లో ఒక పెద్దదిక్కును కూర్చోబెట్టుకుని, ఒక్క చెవికి వినిపించి చూడమని వాళ్లకు నా మనవి.

ఉగాది నాడు పంచాంగ శ్రవణం తరువాత రామాలయం గొట్టాలలో ఆరు నిమిషాలూ మ్రోగింది. ఎండ, పిల్లల అల్లరి, కొబ్బరికాయల చప్పుడు, వీటన్నిటి మధ్యా పాట వినబడింది. అయిపోగానే చప్పట్లు కొట్టింది పదిమందే. మావాడు నావైపు చూశాడు. అంతలో అరుగు చివరనుండి ఒక ముసలమ్మ లేచి, "మా వీధిలో అట్లా పాడం, మలుపు వేరే" అన్నది. ఇంకొకామె కాదన్నది. మొదటి ఆమె ఊరుకోక, అక్కడే గొంతెత్తి తమ మలుపు పాడి చూపించింది. అక్కయ్య ఎడమ చెవి అటు త్రిప్పి వింటూ, మధ్యలో అందుకున్నది.

మావాడు జేబులోనుండి ఫోను తీసి రికార్డు మీట నొక్కాడు.